పైకెక్కి ఏం చూస్తాం?

ఎత్తయిన చోటికి ఎక్కినవాళ్ళందరూ ముందుగా చేసే పని ఒకటుంది. విశాఖలో కైలాసగిరి మీద నిలబడితే ఎదురుగా బంగాళాఖాతం కన్ను పట్టనంతగా పరుచుకుని ఉంటుంది. దాన్ని ఒకసారి చూసి "అబ్బ!" అంటారు. ఆ వెంటనే వేలు చాపుతారు. "అదిగో ఆర్కే బీచ్. దాని పక్క సందులోనేగా మనం దిగింది?" చార్మినార్ మెట్లెక్కి వెళ్ళినవాళ్ళు మక్కా మసీదును చూసి, లాడ్ బజారును చూసి, ఇందాక గాజులు బేరమాడిన దుకాణం ఎటుందో వెతుక్కుంటారు. సియాటిల్‌లోని స్పేస్ నీడిల్ పైకి మన తెలుగు పిల్లలు ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని తీసుకెళ్తారు. మంచు కప్పుకున్న రెయినియర్ పర్వతాన్ని చూపిస్తారు. పెద్దవాళ్ళు దాన్ని చూసి తలాడించి అడిగేది వేరు: "నీ ఆఫీసు ఎక్కడ్రా? మీ ఇల్లు ఏ పక్కన?" ఇక చిన్నపిల్లలకైతే ఇంకో ప్రశ్నే ఉండదు. సొంతూరికి ఎన్ని వందల కిలోమీటర్ల దూరంలో ఉన్నా సరే, పైకెక్కగానే మన ఇల్లు కనిపిస్తుందా అనే అడుగుతారు.

సెలవు పెట్టుకుని, రైలెక్కి, డబ్బు ఖర్చుపెట్టుకుని ఇంటికి దూరంగా వచ్చాం. కళ్ళ ముందు లోకమంతా తెరుచుకుంది. అంత లోకంలో మన కళ్ళు ఆ ఒక్క చుక్క కోసం ఎందుకు వెతుకుతాయి? ఇది మనిషి సంకుచితత్వం అని తేల్చేసినవాళ్ళున్నారు. ఎంత ఎత్తెక్కినా నాది, నేను అనే గుంజకు కట్టేసుకునే ఉంటాడని వాళ్ళ బాధ. ఆ మాట నాకు మింగుడు పడదు. ఆ వెతుకులాటలో స్వార్థం కన్నా లోతైనది ఏదో ఉందని నా నమ్మకం. అదేమిటో తేల్చుకోవడానికే ఇదంతా రాస్తున్నాను.

చూపు మేరకు ఒక లెక్కుంది. భూమి గుండ్రంగా ఉంది కాబట్టి, ఒడ్డున ఇసకలో నిలబడ్డ మనిషికి సముద్రం అంచు సుమారు నాలుగున్నర కిలోమీటర్ల దూరంలోనే తెగిపోతుంది. వంద మీటర్ల ఎత్తెక్కితే అదే అంచు 36 కిలోమీటర్లకు జరుగుతుంది. ఆ దూరాన్ని రెట్టింపు చేసుకోవాలంటే మాత్రం రెట్టింపు ఎత్తు చాలదు, నాలుగింతల ఎత్తు కావాలి. 400 మీటర్లెక్కితే 71 కిలోమీటర్లు. దుబాయిలో బుర్జ్ ఖలీఫా 148వ అంతస్తులో, 555 మీటర్ల ఎత్తున నిలబడితే దిగంతం 84 కిలోమీటర్లు. అంటే ఎక్కేకొద్దీ కొత్తగా కలిసొచ్చే దూరం తగ్గుతూ పోతుంది. మొదటి పది మెట్లు చూపించినంత ఉదారంగా చివరి వంద మెట్లు చూపించవు.

అదే సమయంలో ఒక్కొక్కటీ చేజారిపోతుంటుంది. మనిషి ముఖం నాలుగైదు అంతస్తుల్లోనే పోతుంది. ఇంకాస్త పైకెళితే ఆ నడిచేది ముసలివాళ్ళో పడుచువాళ్ళో తెలియదు. మరీ పైకెళితే మనిషే పోతాడు, వాహనాలు మిగులుతాయి. మన రెండంతస్తుల డాబా మీంచి వీధిలో పోయేవాళ్ళని పేరుపెట్టి పిలుస్తాం, వాళ్ళు తలెత్తి పలుకుతారు. ఆ పిలుపు అందే ఎత్తు ఎంతవరకు? అది దాటాక మనకు కనిపించేవాళ్ళెవరికీ మన గొంతు వినిపించదు, వాళ్ళ గొంతు మనకు వినిపించదు. అద్దాలు బిగించిన ఆధునిక శిఖరాల మీదైతే గాలి చప్పుడు కూడా లోపలికి రాదు. అంత పెద్ద నగరం, దాని రొద, దాని ఏడుపు, దాని పెళ్ళిమేళం, అన్నీ నోరు లేనివై కింద కదులుతుంటాయి. ఎక్కువ చూడటం వేరు, ఎరిగి చూడటం వేరు. రెండోదాన్ని పోగొట్టుకుని మొదటిదాన్ని కొనుక్కోవడం లాభమా నష్టమా?

ఊరికే చూడటం కోసం ఎత్తెక్కడం మనిషికి చాలా కొత్త అలవాటు. ఎక్కువ కాలం ఎక్కింది పని మీదే. మన చేలల్లో మంచె ఉండేది. నాలుగు గుంజలు పాతి, పైన కర్రలు పరిచి, కాస్త నీడకు గడ్డి కప్పి వేసుకున్నది. జొన్న కంకి పాలుపోసుకునే రోజుల్లో దాని మీద ఒకరు వడిసెల పట్టుకుని కూర్చోవాలి. పిట్టలు వాలితే అదిలించాలి, రాత్రిపూట అడవిపందులు దిగితే కేకేసి తరమాలి. మంచె మీది మనిషికీ కనుచూపు మేర పైరు కనిపించేది, పొద్దుగుంకే ఆకాశం కనిపించేది. ఆ అందం అతనికి తెలియదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. మన పల్లె పాటల్లో, ప్రేమ కథల్లో మంచె ఊరికే అన్నిసార్లు రాదు. కాకపోతే ఆ అందం అతనికి పనిలో పనిగా దొరికేది. చూపు ముందు కాపలాకి, తర్వాతే కంటికి.

తెలంగాణ పల్లెల్లో బురుజులు ఇప్పటికీ కొన్ని నిలిచి ఉన్నాయి. దోపిడీ మూకలు వస్తుంటే ముందే పసిగట్టి ఊరిని లేపడానికి కట్టుకున్నవి. అదే పల్లెల్లో దొర గడి కూడా ఉండేది. ఎత్తయిన గోడలు, ఆ గోడల మీంచి ఊరంతా కనిపించేలా మేడ. బురుజు మీంచి చూసినా, గడి మీంచి చూసినా కింద కనిపించేది అవే పూరిళ్ళు, అదే చెరువు, అదే బాట. బురుజు మీదివాడు ఆ ఊరికి ఏ కీడూ రాకూడదని చూశాడు. గడి మీదివాడు ఆ ఊళ్ళో ఎవరు పనికి రాలేదో, ఎవరి చేను కోతకొచ్చిందో చూశాడు. ఎత్తు ఒక్కటే, దృశ్యం ఒక్కటే. చూపు మాత్రం ఒకటి కాదు. అందువల్ల ఎత్తు మనిషిని గొప్పవాణ్ణి చేస్తుందనీ, గర్విష్ఠిని చేస్తుందనీ ముందే తీర్పు చెప్పేసే మాటలు రెండూ నాకు పూర్తిగా నిజమనిపించవు. ఎక్కినవాడు కింద ఉన్నవాళ్ళకి ఏమవుతాడన్నది చూడాలి.

గోల్కొండలో ఈ సంగతి ఇంకా బాగా తెలుస్తుంది. కోట ప్రవేశద్వారం దగ్గర గుమ్మటం కింద చప్పట్లు కొడితే కొండ కొసన బాలాహిస్సార్ మీద వినిపిస్తుంది. గైడ్లు ఇప్పటికీ కొట్టి చూపిస్తారు. శత్రువొచ్చినా, మొర పెట్టుకునేవాడొచ్చినా ఆ చప్పుడే కబురు అని చెబుతారు. నాకా కోటలో అన్నిటికన్నా నచ్చేది అదే. కట్టినవాళ్ళు పైనున్నవాడికి కళ్ళిచ్చి ఊరుకోలేదు, చెవులు కూడా ఇచ్చారు. కింద నుంచి ఒక సామాన్యుడి అరచేతుల చప్పుడు పైదాకా చేరే దారి ఉంచారు. అయినా ఆ కోట పడింది. 1687లో ఔరంగజేబు సేన ఎనిమిది నెలలు ముట్టడి వేసింది. ఆ ఎనిమిది నెలలూ శత్రు గుడారాలు, ఫిరంగులు, గుర్రాల కదలికలు పైనుంచి కనిపిస్తూనే ఉన్నాయి. చివరికి లోపలివాడే ఒకడు తలుపు తీశాడని చరిత్ర చెబుతుంది. మైళ్ళ అవతలి దుమ్మును చూడగలిగిన ఎత్తు, పక్కన నిలబడ్డ మనిషి మనసును చూడలేకపోయింది. చూపుకు ఉన్న ఈ హద్దును ఏ శిఖరమూ దాటించలేదు.

ఆ కోట పైన ఒకప్పుడు సుల్తాను, ఆయన పరివారం నిలబడిన బారాదరి మండపం మీద ఇవాళ ఎవరైనా నిలబడవచ్చు. ఇది చిన్న మార్పు కాదు. పారిస్‌లో 1889లో ఈఫిల్ టవర్ తెరిచినప్పుడు, ఆ ఒక్క ప్రదర్శన కాలంలోనే దాదాపు ఇరవై లక్షలమంది దాన్ని ఎక్కారు. కాపలా కాయడానికి రాలేదు, పన్ను లెక్కలు చూడటానికి రాలేదు, యుద్ధానికీ రాలేదు. తమ ఊరు పైనుంచి ఎలా ఉంటుందో చూద్దామని వచ్చారు. రాజుకీ, సైనికుడికీ, దేవుడికీ మాత్రమే ఉన్న చూపు కొద్దిపాటి డబ్బుకు చాకలికీ, గుమాస్తాకీ, బడిపిల్లకీ దక్కింది. కింద ఉన్నదేదీ నాది కానక్కర్లేదు, ఏదీ నాకు శత్రువు కానక్కర్లేదు, అయినా చూడాలనుంది అనే చూపు అది. మనుషులు కనిపెట్టుకున్న చూపుల్లో దీన్ని నేను చాలా విలువైనదిగా లెక్కిస్తాను. విహారయాత్రికుల్ని చులకన చేసి మాట్లాడేవాళ్ళు ఈ సంగతి మరిచిపోతారు.

అయితే ఆ చూపు ఊరికే చూసి ఊరుకుంటుందా? చూశాక ఏం చేస్తుంది?

ఇటలీ కవి పెట్రార్క్ 1336 ఏప్రిల్ 26న ఫ్రాన్సులోని వెంటూ పర్వతం ఎక్కానని ఒక ఉత్తరంలో రాశాడు. అంత ఎత్తు నుంచి ఎలా ఉంటుందో చూడాలన్న కోరిక తప్ప వేరే పనేమీ లేదన్నాడు. ఆ ఉత్తరాన్ని ఆయన చాలా ఏళ్ళ తర్వాత దిద్ది రాశాడని పండితులంటారు. అదలా ఉంచితే, అందులో ఒక ముసలి గొర్రెల కాపరి వస్తాడు. యాభై ఏళ్ళ కిందట తానూ ఎక్కాననీ, అలసట, పశ్చాత్తాపం, ముళ్ళకు చిరిగిన బట్టలు తప్ప ఏమీ దక్కలేదనీ చెప్పి ఆపబోతాడు. పెట్రార్క్ ఆగడు. శిఖరం మీద ఆల్ప్స్ వైపూ, సముద్రం వైపూ చూసి, తన వెంట తెచ్చుకున్న సెయింట్ అగస్టీన్ పుస్తకం తెరుస్తాడు. తెరిచిన పుటలోనే, మనుషులు కొండల ఎత్తునూ సముద్రాల వెడల్పునూ మెచ్చుకుంటూ తమను తాము పట్టించుకోవడం మానేస్తారన్న భావం కనబడుతుంది. సిగ్గుతో పుస్తకం మూసి, కిందికి దిగేదాకా మాట్లాడకుండా ఉండిపోతాడు.

ఆ సిగ్గు నాకు అనవసరం అనిపిస్తుంది. బయటికి చూడటమూ లోపలికి చూడటమూ ఒకదానికొకటి శత్రువులని ఎందుకు అనుకోవాలి? తన ఊరిని మొదటిసారి పైనుంచి చూసి "ఇంత చిన్నదా!" అన్నవాడు ఊరి గురించి చెప్పాడా, తన గురించి చెప్పాడా? కొండ మీద పెట్రార్క్‌కి ఇటలీ ఆకాశం మనసులో మెదిలినప్పుడు సొంత దేశం మీద బెంగ కలిగింది, గడిచిన సంవత్సరాలు గుర్తొచ్చాయి. ఇవన్నీ పుస్తకం తెరవక ముందే జరిగాయి. అగస్టీన్ చేయమన్న పనిని కొండే చేయించింది. పెట్రార్క్ ఆ సంగతి గమనించనట్టుంది.

మన దగ్గర శ్రీశైలం దారిలో శిఖరేశ్వరం ఉంది. గుడికి సుమారు ఎనిమిది కిలోమీటర్ల ముందే వచ్చే ఎత్తయిన చోటు. అక్కడి నుంచి మల్లన్న ఆలయ శిఖరం కనిపిస్తే మళ్ళీ పుట్టుక ఉండదని జనం నమ్మకం. తరతరాలుగా యాత్రికులు అక్కడ నువ్వులు పోసి, నందిని తిప్పి, ఆ కొమ్ముల మధ్య నుంచి శిఖరం కోసం కళ్ళు చికిలించి చూశారు. నల్లమల అడవి మొత్తం చుట్టూ ఉంది. కృష్ణమ్మ లోయ ఉంది. పులులు తిరిగే కొండలున్నాయి. వాళ్ళు వెతికింది మాత్రం ఒక్క చుక్క కోసం. తాము ఆ రోజు సాయంత్రానికి చేరుకోబోయే చోటు కోసం. మోక్షం మాటని నమ్మేవాళ్ళు నమ్ముతారు, నమ్మనివాళ్ళు నమ్మరు. నేను ఆ వాదంలోకి వెళ్ళను. ఎత్తు మీద నిలబడి ఎలా చూడాలో మనవాళ్ళు ఆలోచించిన తీరు నన్ను ఆపింది. అంతటినీ చూసేయమనలేదు. విశాలమైన దృశ్యంలో నీకు సంబంధించినదాన్ని కనుక్కో అన్నారు. అది కనిపించకపోతే మిగతాదంతా చూసినా చూడనట్టే.

ఇక్కడ మనం మొదట అడిగిన ప్రశ్న దగ్గరికి వచ్చాం. దాన్ని ఇంకో రెండు చూపుల పక్కన పెట్టి చూస్తాను.

1949లో వచ్చిన 'ది థర్డ్ మ్యాన్' సినిమాలో, యుద్ధంలో చితికిన వియన్నా నగరంలో, ఒక పెద్ద జెయింట్ వీల్ ఉంటుంది. అది నిజంగానే ఉంది, 1897లో కట్టినది. కల్తీ పెన్సిలిన్ అమ్మి పసిపిల్లల ప్రాణాలు తీసిన హ్యారీ లైమ్ అనేవాడు ఆ పెట్టెలో పైకెళ్ళి, కింద తిరిగే మనుషుల్ని స్నేహితుడికి చూపించి, ఆ చుక్కల్లో ఒకటి కదలడం ఆగిపోతే నీకు నిజంగా జాలేస్తుందా అన్న అర్థం వచ్చేలా అడుగుతాడు. చుక్కకి ఇంత అని ధర కూడా కడతాడు. ఆ వీల్ ఎత్తు 65 మీటర్లు. మన ఊరి గుట్టలు అంతకన్నా ఎత్తుంటాయి. దయ చచ్చిపోవడానికి 65 మీటర్లు చాలింది.

1968 డిసెంబర్ 24న అపోలో 8 నౌకలో చంద్రుడి చుట్టూ తిరుగుతున్న ముగ్గురిలో ఒకడైన బిల్ ఆండర్స్, చంద్రుడి అంచు మీదుగా పైకి వస్తున్న భూమిని చూసి ఫొటో తీశాడు. వాళ్ళకీ భూమికీ మధ్య మూడు లక్షల డెబ్బై వేల కిలోమీటర్లకు పైనే దూరం. అక్కడి నుంచి మనిషి కాదు కదా, మహానగరమే కనిపించదు. భూమి మొత్తాన్ని బొటనవేలి వెనక దాచేయవచ్చని వాళ్ళలో జిమ్ లొవెల్ తర్వాత చెప్పాడు. ఇంతటి దూరం నుంచి తీసిన ఆ ఫొటో లోకాన్ని కరిగించింది. భూమి ఎంత లేతదో, దాన్ని ఎంత జాగ్రత్తగా చూసుకోవాలో అన్న తలపును కోట్ల మందిలో పుట్టించింది.

కాబట్టి దూరం దయను చంపుతుందన్న మాట నిలబడదు. 65 మీటర్ల దగ్గర పోయినది లక్షల కిలోమీటర్ల దగ్గర ఎలా పుట్టింది? నాకు తోచిన జవాబు ఇది. ఆ ముగ్గురికీ కింద కనిపించే ఆ నీలి గుండులో ఇల్లుంది. భార్యాబిడ్డలున్నారు. వాళ్ళు తిరిగి చేరవలసింది అక్కడికే. హ్యారీ లైమ్‌కి కింద కనిపించే ఏ చుక్కా ఇల్లు కాదు, ఏ చుక్కా తనవాడు కాదు. వాడు అక్కడ దేన్నీ వెతకలేదు. పిల్లవాడు కొండెక్కి మన ఇల్లెక్కడ అని అడిగినప్పుడు, అడ్డంగా ఒక్కొక్క ఇంటినీ దాటుకుంటూ పోతాడు. ఇది కాదు, అది కాదు, ఆ నీళ్ళ ట్యాంకు ఉన్నది కాదు, ఆ వేపచెట్టు ఉన్నది అనుకుంటూ. తన ఇంటి కోసం వెతికేవాడికి మిగతావన్నీ వేరేవాళ్ళ ఇళ్ళుగా కనిపించక తప్పదు. ఏమీ వెతకనివాడికే అవి చుక్కలు.

అందుకే ఆ వెతుకులాటను నేను స్వార్థమని అనలేను. నిజానికి మనిషి ఎత్తెక్కి కూడా మనిషిగా మిగలడానికి చేసే మొదటి ప్రయత్నం అది.

కానీ ఈ జవాబుతో నాకే పూర్తిగా తృప్తి లేదు. పరాయి ఊరికి వెళ్ళినప్పుడు సంగతేమిటి? అక్కడ మన ఇల్లుండదు, మనవాళ్ళుండరు. బుర్జ్ ఖలీఫాకే వద్దాం. 828 మీటర్ల ఎత్తు, 2010 జనవరి 4న ప్రారంభమైంది. లిఫ్టు ఎక్కితే నిమిషంలో 124వ అంతస్తు. అద్దం అవతల ఎడారి, సముద్రం, దారాల్లా రోడ్లు. పని జోరుగా సాగిన రోజుల్లో దాన్ని కట్టేచోట ఒకేసారి పన్నెండు వేలమంది దాకా పనిచేశారు. ఎక్కువమంది దక్షిణాసియా వాళ్ళు. 2006 మార్చిలో కూలి చాలడం లేదనీ, మర్యాదగా చూడటం లేదనీ రెండు వేలమందికి పైగా తిరగబడ్డారు. గల్ఫ్‌లో ఇలాంటి పనులకు మన కరీంనగర్, నిజామాబాద్, జగిత్యాల వైపు ఊళ్ళ నుంచి దశాబ్దాలుగా వేలమంది వెళ్తూనే ఉన్నారు. ఇంటి దగ్గర అప్పు తీర్చాలని, చెల్లెలి పెళ్ళి చేయాలని, బోరు వేయించాలని. ఆ అద్దం వెనక నిలబడి చూసే తెలుగు కుటుంబానికి ఆ నగరంలో నిజంగానే ఏమీ లేదా? ఎక్కడో నగరం అంచున, బంకు మంచాల గదుల్లో ఉండే మన ఊరివాళ్ళ క్యాంపు ఎటుందని ఎవరైనా అడిగితే, ఆ దృశ్యం ఒక్కసారిగా మారిపోదా?

ఆ కట్టడం గురించి నేను మరిచిపోలేని సంగతి ఇంకొకటుంది. 2011 రంజాన్ నెలలో దుబాయి మతపెద్దలు ఒక వివరణ ఇచ్చారు. 80వ అంతస్తుకు పైన ఉండేవాళ్ళు కిందివాళ్ళకన్నా రెండు నిమిషాలు, 150వ అంతస్తుకు పైన ఉండేవాళ్ళు మూడు నిమిషాలు ఆలస్యంగా ఉపవాసం విడవాలని. పైనున్నవాళ్ళకు సూర్యుడు ఇంకా కనిపిస్తూనే ఉంటాడు మరి. కింద వీధిలో చీకటి పడి, రోజంతా ఎండలో పనిచేసినవాడు ఖర్జూరం నోట్లో వేసుకున్నాక కూడా, మేడ మీదివాడు ఇంకా ఆగాలి. ఎత్తు ఎక్కువ వెలుగిచ్చింది కాబట్టి ఎక్కువ సేపు ఓర్చుకోమంది ఆ నియమం. ఎక్కువ చూసేవాడి మీద ఎక్కువ భారం ఉండాలన్న ఈ ఆలోచన ఏ మతంలో పుట్టినా, ఏ మతమూ లేనివాడు కూడా దాని ముందు కాసేపు ఆగవచ్చు. మన శిఖరాలన్నిటి మీదా ఈ నియమం అమలైతే ఎలా ఉంటుంది? అధికారపు శిఖరాలు, డబ్బు శిఖరాలు, చదువు శిఖరాలు కూడా కలిపే అడుగుతున్నాను.

యాత్రలకు వెళ్ళేవాళ్ళకి నేను ఒక మాట చెబుతుంటాను. కొత్త ఊళ్ళో అడుగుపెట్టగానే టవర్ ఎక్కమని చాలామంది సలహా ఇస్తారు. ముందు ఊరంతా ఒకసారి చూస్తే దారులు తెలుస్తాయంటారు. చివరి రోజున ఎక్కడం మంచిదని నా అభిప్రాయం. ముందు ఆ ఊళ్ళో నడవాలి. దారి తప్పాలి. ఎవరినో అడగాలి. ఒక బండి దగ్గర టీ తాగాలి, వానొస్తే ఒక చూరు కింద నిలబడాలి. అప్పుడు పైకెక్కితే వెతకడానికి ఏదో ఒకటుంటుంది. "మనకి దారి చెప్పిన పెద్దాయన దుకాణం ఆ మలుపులోనేగా?" అని అడగడానికి వీలుంటుంది. సొంత ఇల్లు లేని ఊళ్ళో ఆ చూరే మన ఇల్లు. ఏమీ ఎరగకుండా ఎక్కితే ఆ ఊరు మనకు పటంలాగే కనిపిస్తుంది. పటాన్ని చూసి ఎవరికీ కళ్ళు చెమర్చవు.

కింద ఉన్నవాళ్ళు కూడా ఎత్తును చూస్తారని మనం తరచూ మరిచిపోతాం. విశాఖ తీరంలో వేటకెళ్ళే మత్స్యకారులు తరాలుగా కొండల్ని గుర్తు పెట్టుకుని సముద్రంలో తామెక్కడున్నారో తెలుసుకున్నారు. ఒక కొండ కొస వెనక ఇంకో కొండ ఏ మేరకు కనిపిస్తోందో చూసి ఒడ్డు ఎంత దూరమో, వల ఎక్కడ వేయాలో పోల్చుకునేవాళ్ళు. కైలాసగిరి మీద నిలబడి దూరాన తెరచాపలూ పడవలూ ఎంత అందంగా ఉన్నాయో అని మనం మురుస్తున్న వేళ, ఆ పడవలో ఒకతను ఇటే చూస్తూ ఉండవచ్చు. మనకి అతను దృశ్యంలో ఒక భాగం. అతనికి మనం నిలబడ్డ కొండ బతుకు తెరువులో ఒక ఆనవాలు. ఈ రెండు చూపులు గాల్లో ఎక్కడో ఒకదాన్నొకటి దాటుకుపోతాయి. ఎవరి చూపులో ఎక్కువ నిజముందంటే నేను పడవ వైపే చెయ్యి చూపిస్తాను. ఆ చూపు గురి తప్పితే అతను ఇల్లు చేరడు.

ఫొటోల సంగతి కూడా చెప్పాలి. అంత దూరం ఎక్కి, దృశ్యానికి వీపు చూపించి, ఫోన్‌లో తమ ముఖాలు తీసుకుంటున్నారని ఈ మధ్య చాలామంది చిరాకు పడుతున్నారు. నాకా చిరాకు లేదు. భార్య భుజం మీద చెయ్యి వేసి, పిల్లల్ని ముందు నిలబెట్టి, వెనక కొండలోయ వచ్చేలా ఫొటో తీసుకునే మనిషి ఏం కోరుతున్నాడు? ఇంత పెద్ద లోకం ముందు మేము నలుగురం కలిసి ఒక రోజు నిలబడ్డాం అని ఒక ఆధారం. ఏడాదంతా మిల్లులోనో, షాపులోనో, ఆఫీసులోనో గడిపినవాడు అది కోరుకుంటే తప్పేమిటి? లోయ ఎలాగూ రేపు కూడా ఉంటుంది. ఆ నలుగురూ ఆ వయసులో, ఆ నవ్వుతో రేపుండరు.

నాకు బాధ కలిగించేది వేరే. ప్రతి గుట్ట కిందా, ప్రతి కోట మెట్ల దగ్గరా సంచులు, చెప్పులు, నీళ్ళ సీసాలు చుట్టూ పెట్టుకుని ఒక పెద్దావిడ కూర్చుని ఉంటుంది. "నా మోకాళ్ళు ఎక్కనియ్యవు, మీరు పోయి చూసి రండి" అంటుంది. ఆ కుటుంబానికి వండిపెట్టినావిడ, ఆ పిల్లల్ని ఎత్తుకుని మోసినావిడ. కైలాసగిరికి రోప్‌వే ఉంది, స్పేస్ నీడిల్‌కి లిఫ్టు ఉంది. పాత కోటలకు ఆ వీలు లేదు. చూడాలన్న కోరిక మోకాళ్ళకు తెలియదు. ఆమెకి దృశ్యం చేరేది ఒకే దారిన, ఎక్కి వచ్చినవాళ్ళు చెప్పే మాటల ద్వారా. ఎక్కినవాళ్ళు నిజంగా ఏం చూశారో తేలేదీ అక్కడే.

గోల్కొండలో మెట్ల కింద పచ్చిక మీద కూర్చున్న అలాంటి ఒకామె దగ్గరికి మనవడు, కోడలు, కొడుకు దిగి వచ్చారు. నేను పక్కనే ఉన్నాను.

"ఏం గనిపిచ్చింది బిడ్డా?" అని అడిగిందామె.

"అంత గనిపిచ్చింది అమ్మా, హైదరాబాద్ మొత్తం" అన్నాడు కొడుకు, చెమట తుడుచుకుంటూ.

"మొత్తం అంటే?"

కొడుకు దగ్గర మాట లేదు. పిల్లవాడు అందుకున్నాడు. మసీదులు కనిపించాయన్నాడు. గాలిపటం ఒకటి తెగిపోయి చెట్టు మీద పడిందన్నాడు. దూరంగా పెద్ద పెద్ద అద్దాల బిల్డింగులున్నాయన్నాడు. కింద ఒక ఇంటి డాబా మీద ఒకామె బట్టలారేస్తోందనీ, ఎర్ర దుప్పటి ఆమె కన్నా పెద్దదనీ, గాలికి మాటిమాటికీ జారిపోతోందనీ చెప్పాడు.

"ఒక్కతేనా? పట్టుకునేటందుకు ఎవ్వలు లేరా?" అని అడిగింది ముసలామె.